లోపాలే మోసే కరెంటు

సభకు నమస్కారం. మన బరంపురం పక్కన ఛత్రపురం తీరపు ఇసుకలోంచి ఇల్మెనైట్ తీస్తారు. అది టైటానియం ఖనిజం. ఎమ్మారై యంత్రాల్లో వాడే అతివాహక మిశ్రలోహంలో బరువు లెక్కన దాదాపు 47 శాతం టైటానియం, తక్కినది నయోబియం. సుమారు 9 కెల్విన్ (అంటే మైనస్ 264 డిగ్రీల సెల్సియస్) కింద దానికి నిరోధం ఉండదు. లోహశాస్త్రం ఆ హద్దును పెద్దగా జరపలేదు. పెంచింది తీగ మోయగల కరెంటును.

బలమైన అయస్కాంత క్షేత్రం ఈ లోహంలోకి సన్నటి సుడులుగా దూరుతుంది. క్షేత్ర బలం 5 టెస్లాల దగ్గర సుడికీ సుడికీ ఎడం 22 నానోమీటర్లు. కరెంటు పారితే వాటి మీద బలం పడుతుంది. కదిలాయా, వేడి పుడుతుంది. అందుకే వాటిని పట్టి ఆపే అడ్డంకులు అంత దగ్గర దగ్గరగా ఉండాలి. మచ్చలేని లోహం ఇక్కడ దండగ.

నయోబియం 2477 డిగ్రీల సెల్సియస్‌కు, టైటానియం 1668కి కరుగుతాయి. కాబట్టి వాక్యూమ్ ఆర్క్ కొలిమిలో ఒక్కసారికి కలవవు, మళ్లీ కరిగించాలి. కరగని నయోబియం పలుకు మిగిలితే తీగ సన్నబడ్డాక అక్కడే తెగుతుంది.

కడ్డీకి నయోబియం రేకు చుట్టి, రాగి గొట్టంలో పెట్టి, గాలి తీసి మూసేస్తారు. వేడి మీద ఎక్స్‌ట్రూజన్ చేశాక, అంటే అచ్చు రంధ్రంలోంచి నెట్టాక, కంసాలి కమ్మచ్చులో బంగారం లాగినట్టే లాగుతారు. అలాంటివి వందలు, వేలు పేర్చి మళ్లీ లాగితే పోగులు కొన్ని మైక్రాన్లకు దిగుతాయి. రేకు దగ్గర పీనాసితనం పనికిరాదు. అది చిరిగితే రాగీ టైటానియమూ కలిసి సాగని గట్టి ముద్దలవుతాయి, పోగు ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా వచ్చి తెగుతుంది.

అసలు కిటుకు వేడి పెట్టడంలో ఉంది. వ్యాసం పన్నెండో వంతుకు దిగేదాకా చల్లగానే లాగి, 375–420 డిగ్రీల మధ్య 40 నుంచి 80 గంటలు ఉంచాలి. లోహంలోని స్ఫటిక రేణువుల అంచులు కలిసే చోట ఆల్ఫా టైటానియం (టైటానియం ఎక్కువున్న వేరే స్ఫటిక రూపం) గింజలు విడివడతాయి. సుడుల్ని ఆపే అడ్డంకులు ఇవే. చాలినంత లాగకముందే వేడిచేస్తే రేణువుల లోపల సూదుల్లా పుట్టి తీగను గట్టిపరుస్తాయి, ఆపై లాగడం కష్టం. సగం కంటే కాస్త ఎక్కువ వ్యాసానికి లాగి మళ్లీ వేడి, ఇలా కనీసం మూడు విడతలు. చివరికి ఘనపరిమాణంలో ఐదో వంతు దాకా గింజలే.

అయినా అవి ఇంకా వంద నానోమీటర్ల పైమాటే. ఇక వేడి తగలనీయకుండా వ్యాసం పదో వంతుకు లాగితే నలిగి మడతలుపడి 1–4 నానోమీటర్ల పొరలవుతాయి. అప్పుడు 4.2 కెల్విన్, 5 టెస్లాల దగ్గర చదరపు మిల్లీమీటరు మిశ్రలోహానికి 3000 ఆంపియర్లు! అంతకు మించి లాగితే నష్టమే. పొరలు మరీ పలచబడి, పక్క లోహపు అతివాహకత వాటిలోకీ పాకి, సుడుల మీద పట్టు సడలుతుంది.

నయోబియం-టిన్ అనే మరో అతివాహకం దారి వేరు. పెళుసు కాబట్టి ముందు తీగను అయస్కాంతపు చుట్టగా చుట్టి, తర్వాతే 650 డిగ్రీల దగ్గర ఆ సమ్మేళనం పుట్టేలా వేడిచేస్తారు. అక్కడ అడ్డంకులు రేణువుల అంచులే. తొందరపడి వేడి పెంచితే రేణువులు పెరిగి అంచులు తగ్గిపోతాయి. కొలిమి దిగాక ఆ చుట్టను వంచకూడదు.