పాత దోస్తులతో వరంగల్‌కి టెంపో ట్రావెలర్: వీకెండ్ రివ్యూ

నమస్తే అండీ. ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ బండిని ఒక ట్రావెల్స్ వాళ్ళు రివ్యూ కోసం మాకు వీకెండ్‌కి ఉచితంగా ఇచ్చారు. డీజిల్, టోల్, డ్రైవర్ బేటా మేమే పెట్టుకున్నాం. ఫలానాది చెప్పు, ఫలానాది చెప్పొద్దు అని వాళ్ళేమీ అనలేదు.

సీట్లెన్ని, మైలేజీ ఎంత, కిలోమీటరుకి ఎంత పడుతుంది, ఇవన్నీ మీరు వేరే వీడియోల్లో చూసే ఉంటారు. నేను వాటి జోలికి పోను. పాతికేళ్ళ తర్వాత కలిసినవాళ్ళు ఎక్కితే ఈ బండి ఎలా ఉంటుందో అదే చెప్తాను.

మాది వరంగల్ ఆర్ఈసీ, అంటే రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన కాలేజీ. మేం 2000లో పాసై బయటికొచ్చాం, 2002లో అది ఎన్ఐటీ అయింది. అప్పట్లో సగం సీట్లు మన రాష్ట్రం పిల్లలకి, సగం బయటి రాష్ట్రాల వాళ్ళకి. అందుకే మా గ్యాంగ్‌లో పాట్నా వాడున్నాడు, కొట్టాయం వాడున్నాడు. సిల్వర్ జూబ్లీ అనగానే అందరూ శుక్రవారం రాత్రికే హైదరాబాద్‌లో దిగిపోయారు. శనివారం తెల్లారగానే ఉప్పల్ నుంచి బయల్దేరాం.

ఇంతకుముందు ఒక మీట్‌కి మాలో కొందరం కార్లలో వెళ్ళాం. ముందు కారులో ఒకడు హాస్టల్ కథ చెప్తే వెనక కారు వాళ్ళకి తెలీదు. జనగామలో టీ తాగుతూ మళ్ళీ మొదట్నుంచి చెప్పమంటారు. రెండోసారి చెప్పిన కథకి ఆ నవ్వు రాదండీ.

ఈ బండిలో ఆ బాధ లేదు. దానికి కారణం సీటింగ్. ఒక పక్క జంట సీట్లు, తలుపు పక్క ఒంటి సీట్లు, మధ్యలో దారి. ఆ ఒంటి సీటే ఈ బండికి ప్రాణం అంటాను నేను. అందులో కూర్చున్నవాడు కాస్త పక్కకి తిరిగితే చాలు, ముందు వరసా వెనక వరసా రెండూ ఎదురుగా ఉన్నట్టే. భువనగిరి కొండ కనిపించేసరికే ఆ సీటు కోసం మావాళ్ళు కొట్టుకోవడం మొదలెట్టారు. చివరికి బండి ఆగిన ప్రతిచోటా సీట్లు మారాలని రూల్ పెట్టుకున్నాం. దాంతో కాజీపేట చేరేలోపు ప్రతివాడూ ఇంచుమించు అందరి పక్కనా కూర్చున్నాడు. కాలేజీలో నేను సరిగా పలకరించని సివిల్ బ్రాంచ్ అబ్బాయి ఒకడు పెంబర్తి దాటాక నా పక్కకొచ్చాడు. వాళ్ళ నాన్న పోయిన సంగతి నాకు అప్పుడే తెలిసింది.

ఆదివారం రామప్పకి వెళ్ళాం. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. భూకంపం వస్తే గుడి కింద ఇసుక పునాది ఎలా పనిచేస్తుందో ఆ సివిల్ అబ్బాయి అక్కడ మొదలెట్టాడు. తిరుగు ప్రయాణంలో ములుగు దాటినా ఆపలేదు. నీళ్ళ బాటిల్ ఒళ్ళో పెట్టుకుని, అటూ ఇటూ ఊపుతూ చెప్తుంటే బండంతా వాడివైపే తిరిగి వింది. విడివిడిగా కార్లలో ఉంటే ఆ క్లాసు నలుగురికే దక్కేది.

ఇప్పుడు నాకు కోపం తెప్పించిన విషయం. స్పీకర్లు. లోపలి ఫిట్టింగ్ ఎవరు చేయించారో గానీ, చివరి వరస నెత్తి మీద రెండు పెద్ద స్పీకర్లు, వాటి చుట్టూ నీలం లైట్లు. విడిగా స్విచ్ లేదు. పెడితే అన్నీ మోగాలి, ఆపితే అన్నీ ఆగాలి. డ్రైవర్ అన్నకి నిద్ర రాకుండా చిన్నగా పాటలు కావాలి, అది న్యాయమే. కానీ ఆయన చెవికి చిన్నగా ఉన్నది వెనక కూర్చున్నవాళ్ళ గుండెల్లో దడదడలాడుతుంది. మా పాట్నా వాడు అసలే మెల్లగా మాట్లాడతాడు. ల్యాబ్‌లో జరిగిన ఒక సంగతి ఎత్తుకుని, రెండుసార్లు గొంతు పెంచి, "మళ్ళీ చెప్తాలేరా" అని వదిలేశాడు. సోమవారం ఫ్లైటెక్కి వెళ్ళిపోయాడు. ఆ కథ నాకింకా తెలీదు.

గ్రూపు బుకింగ్ అనగానే డాన్సులేనని ఎందుకనుకుంటారండీ? ఇన్నేళ్ళకి కలిసినవాళ్ళకి మాటలు వినబడాలి.

ఏసీ బాగుంది. సామాన్ల చోటు పర్వాలేదు, చివరి సీట్ల వెనక బ్యాగులన్నీ పట్టాయి.

తీసుకోవచ్చా అంటే, పది పన్నెండు మంది ఉంటే కళ్ళు మూసుకుని తీసుకోండి, కార్లు వద్దు. అయితే బుక్ చేసేముందు రెండు విషయాలు ఫోన్‌లోనే అడగండి. ఒంటి సీట్లున్న బండేనా? వెనక స్పీకర్లు విడిగా ఆపొచ్చా? రెండోదానికి లేదంటే ఆ వైరు పీకించి పంపమని చెప్పండి. ఈ ట్రావెల్స్ వాళ్ళకి నేనూ అదే చెప్పాను.