గోల్ఫ్ కోర్సులో రాడార్: పెట్టింది అమెరికా, దెబ్బ తిన్నది కొరియా

[స్క్రీన్ మీద: తెల్లవారుజాము. కొండదారిలో ఎక్కుతున్న సైనిక ట్రక్కులు]

2017 ఏప్రిల్ 26. దక్షిణ కొరియాలో సొంగ్జు అనే చిన్న కౌంటీ. పసుపుపచ్చ కర్బూజాలకు పేరున్న చోటు. ఇంకా సరిగా తెల్లారలేదు. రోడ్డు పొడవునా పోలీసులు, వాళ్లను తోసుకుంటూ అరుస్తున్న ఊరి జనం, మధ్యలోంచి ట్రక్కులు. అవి వెళ్తున్నది ఒక గోల్ఫ్ కోర్సుకి. వాటిలో ఉన్నది అమెరికా క్షిపణి రక్షణ వ్యవస్థ థాడ్.

ముందు ఇదెలా పనిచేస్తుందో చూద్దాం. శత్రువు క్షిపణి కిందికి దిగేటప్పుడు 40 నుంచి 150 కిలోమీటర్ల ఎత్తులో దాన్ని అడ్డుకుంటుంది. ఇందులో పేలుడు పదార్థం ఉండదు. నేరుగా వెళ్లి గుద్దడమే. సొంగ్జులో పెట్టింది 6 లాంచర్లు, ఒక రాడార్.

ఎందుకు పెట్టారు? 2016 జనవరిలో ఉత్తర కొరియా నాలుగోసారి అణు పరీక్ష చేసింది, మరుసటి నెలలో రాకెట్ పంపింది. జులైలో అమెరికా, దక్షిణ కొరియా కలిసి థాడ్ ప్రకటన చేశాయి. తమాషా ఏంటంటే, రాజధాని సియోల్ దీని పరిధిలోకే రాదు. సొంగ్జు నుంచి 200 కిలోమీటర్లు దాటిన దూరం మరి. సియోల్‌కి పేట్రియాట్ అనే మరో రకం రక్షణ క్షిపణులే దిక్కు.

[స్క్రీన్ మీద: మ్యాప్. రాడార్ నుంచి రెండు వలయాలు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది]

చైనాకి టెన్షన్ లాంచర్లతో కాదు, రాడార్‌తో. దాన్ని రెండు రకాలుగా వాడొచ్చు. ఒక పద్ధతిలో సుమారు 600 కిలోమీటర్లు చూస్తుంది. రెండో పద్ధతిలో 2,000 కిలోమీటర్ల దాకా చూడగలదని అంచనా. అంటే చైనా లోపల క్షిపణి లేచినా కనబడొచ్చు. మేం వాడేది మొదటి పద్ధతే అంది అమెరికా. చైనా నమ్మలేదు. విదేశాంగ మంత్రి వాంగ్ యీ 2016 ఫిబ్రవరిలోనే ఒక పాత చైనా సామెత గుర్తుచేశారు: షియాంగ్ జ్వాంగ్ కత్తి నాట్యం చేస్తున్నాడు, గురి మాత్రం లియు బాంగ్ మీద. విందులో వినోదం పేరుతో కత్తి తిప్పుతూ అతిథిని చంపబోయిన కథ అది. అతిథి తామేనని చైనా బాధ.

నిజానికి ఇదే రకం రాడార్లు జపాన్‌లో అప్పటికే రెండున్నాయి. అందుకే నా లెక్కలో రాడార్ సగం సంగతే. కొరియా, జపాన్, అమెరికా ఒకే గొలుసుగా మారతాయన్నదే అసలు భయం.

మరి చైనా ఏం చేసింది? అమెరికాని మాటలతో వదిలేసింది. అత్త మీద కోపం దుత్త మీద చూపింది.

[స్క్రీన్ మీద: మూతపడిన సూపర్ మార్కెట్ షటర్, దాని మీద అతికించిన నోటీసు]

ఆ గోల్ఫ్ కోర్సు లోట్టే అనే కొరియా కంపెనీది. 2017 ఫిబ్రవరి చివర్లో ఆ స్థలం ప్రభుత్వానికిచ్చి, బదులుగా సైన్యం భూమి తీసుకోవడానికి కంపెనీ ఒప్పుకుంది. అప్పట్లో చైనాలో లోట్టేకి వంద దాకా సూపర్ మార్కెట్లుండేవి. ఒప్పుకున్న కొద్ది రోజులకే వాటికి ఫైర్ సేఫ్టీ తనిఖీలు మొదలయ్యాయి. అధికారులు రావడం, లోపం ఉందనడం, షటర్ దించేయడం. కొన్ని వారాల్లోనే ఎక్కువ దుకాణాలు మూతపడ్డాయి. థాడ్ అన్న మాట ఏ నోటీసులోనూ లేదు! ప్రపంచ వాణిజ్య సంస్థ డబ్ల్యూటీఓలో కేసు వేద్దామన్నా చేతిలో కాగితం ఉండాలి కదా. మరుసటి ఏడాది లోట్టే ఆ దుకాణాలు అమ్ముకుని బయటపడింది.

కొరియాకి గ్రూప్ టూర్లు కూడా ఆగాయి. 2016లో 80 లక్షలున్న చైనా పర్యాటకులు 2017లో 42 లక్షలకు పడిపోయారు. కొరియా నుంచి కొనే మెమరీ చిప్‌ల జోలికి మాత్రం చైనా పోలేదు. అవి ఆపితే ముందు ఆగేది తన ఫోన్ ఫ్యాక్టరీలే.

ఇంకోపక్క ట్రంప్, థాడ్ ఖర్చు వంద కోట్ల డాలర్లు కొరియాయే కట్టాలన్నారు. మిత్రదేశం ఓదార్పు అలా ఉంది!

2017 మేలో అధ్యక్షుడైన మూన్ జే ఇన్, ఆరింటిలో అప్పటికి సొంగ్జు చేరని నాలుగు లాంచర్లను పర్యావరణ పరిశీలన పేరుతో ఆపారు. సెప్టెంబరు 3న ఉత్తర కొరియా మళ్లీ అణు పరీక్ష చేసింది. నాలుగు రోజుల్లో అవీ సొంగ్జు చేరాయి.

అక్టోబరు చివర్లో చైనాతో రాజీ కుదిరింది. కొరియా విదేశాంగ మంత్రి పార్లమెంటులో మూడు మాటలు చెప్పారు: అదనంగా థాడ్ పెట్టం, అమెరికా క్షిపణి రక్షణ వలయంలో చేరం, అమెరికా, జపాన్‌లతో కలిసి సైనిక కూటమి కట్టం. చైనా దీన్ని హామీ అంటుంది. ఉన్న విధానమే చెప్పాం అంటుంది సియోల్. రాడార్ మాత్రం అక్కడే ఉంది.

[స్క్రీన్ మీద: 2023 ఆగస్టు క్యాలెండర్. 10, 18 తేదీల చుట్టూ సున్నాలు]

2023 ఆగస్టు 10న చైనా, కొరియాకి గ్రూప్ టూర్లను మళ్లీ అనుమతించింది. ఎనిమిది రోజులకు, 18న, అమెరికా అధ్యక్షుడి విడిది క్యాంప్ డేవిడ్‌లో బైడెన్ పక్కన కొరియా అధ్యక్షుడు యూన్, జపాన్ ప్రధాని కిషిడా నిలబడ్డారు. ఉత్తర కొరియా క్షిపణుల సమాచారాన్ని ముగ్గురం ఎప్పటికప్పుడు పంచుకుంటామని ప్రకటించారు.