అంగుళం కూడా లేని ఎముక

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డు గాలి వదులుకుని ఈ హాల్లోకి వచ్చారు. పిల్లలు ఇంతమంది వస్తారని నేను అనుకోలేదు. పెద్దవాళ్ళు ఏమీ అనుకోకండి, నేను ఎక్కువగా వాళ్ళ వైపే చూసి మాట్లాడతాను.

సైబీరియాలో ఆల్టాయ్ కొండల్లో డెనిసోవా అనే గుహ ఉంది. ఏడాది మొత్తానికి సగటు తీస్తే అక్కడ ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టినట్టే. అందుకే ఆ గుహలోని ఎముకల్లో డీఎన్‌ఏ వేల ఏళ్ళు నిలిచింది. అక్కడ దొరికిన ఒక చిటికెనవేలి ఎముక నుంచి డీఎన్‌ఏ తీసి చదివితే, 2010లో ఒక కొత్త సంగతి బయటపడింది. ఆ వేలు మనలాంటి మనిషిది కాదు, ఎప్పుడో అంతరించిపోయిన నియాండర్తల్ అనే పాతకాలపు మనిషి జాతిదీ కాదు. అప్పటిదాకా ఎవరికీ తెలియని మూడో రకం మనిషిది. గుహ పేరు మీదే వాళ్ళకు డెనిసోవన్లు అని పేరు పెట్టారు. ఆ పరిశోధన నడిపించిన స్వాంటే పాబోకు 2022లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇది చాలామంది పేపర్లో చదివే ఉంటారు.

నేను చెప్పాలని వచ్చింది ఆ తర్వాతి కథ.

ఆ గుహలో ఎముకలకు కొదవ లేదు. కానీ అన్నీ ముక్కలే. హైనాలు, తోడేళ్ళు కొరికి, నమిలి వదిలేసినవి. మన ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలమ్మే అమ్మకు ఏ చేప చూపించినా చిటికెలో పేరు చెబుతుంది. అదే చేప పులుసులో ఉడికి, విడిపోయి, ముల్లు ఒక్కటే మిగిలితే ఆమె అయినా ఆలోచించాల్సిందే. ఎముకలు చదివేవాళ్ళ పరిస్థితీ అంతే. ఆకారం మిగలని ముక్కలు గుర్రానివో, జింకవో, మనిషివో ఎవరూ చెప్పలేరు. వాటిని సంచుల్లో కట్టి పక్కన పెట్టేవారు.

ఆ సంచులే కావాలన్నారు కాటెరీనా డౌకా, థామస్ హైమ్. ఇద్దరూ పురావస్తు శాస్త్రవేత్తలే, కానీ వాళ్ళ పని ఎక్కువగా ల్యాబ్‌లో. ఆక్స్‌ఫర్డ్‌లో వాళ్ళ దగ్గర చదువుకుంటున్న సమంతా బ్రౌన్ 2,300కు పైగా ముక్కలు ముందు పెట్టుకుని కూర్చుంది. ఒక్కో ముక్క నుంచి చిటికెడంత, అంటే 20 మిల్లీగ్రాముల దాకా, కోసి తీయాలి. అందులోంచి కొలాజెన్ అనే ప్రోటీన్ తీయాలి.

ఆ ప్రోటీన్‌తో ఏం చేస్తారో పిల్లలకు అర్థమయ్యేలా చెబుతాను. ఒక పూసల దండ ఉందనుకోండి. ఎర్రపూస వచ్చిన ప్రతిచోటా దండ తెంపి, వచ్చిన ముక్కలన్నీ విడివిడిగా తూయండి. మీ దండలో ఎర్రపూసలు ఒక చోట ఉంటాయి, మీ చెల్లి దండలో ఇంకో చోట ఉంటాయి. కాబట్టి ముక్కల బరువులు వేరుగా వస్తాయి. బరువుల పట్టీ చూస్తే చాలు, అది ఎవరి దండో తెలిసిపోతుంది. కొలాజెన్‌ను ఒక ఎంజైమ్‌తో అలాగే కొన్ని నిర్ణీత చోట్ల తెంపుతారు. తూచే పని మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రానిది. గుర్రం పట్టీ వేరు, ఏనుగు పట్టీ వేరు, మనిషి పట్టీ వేరు.

వారాల తరబడి జంతువుల ఎముకలే వచ్చాయి. చివరికి ఒక ముక్క మనిషి కుటుంబానిదని తేలింది. పొడవు అంగుళం కూడా లేదు. ఆ సంగతి 2016లో ప్రచురించారు. ఈ బరువుల పట్టీతో మనిషి, నియాండర్తల్, డెనిసోవన్ అని విడదీయలేం. దానికి డీఎన్‌ఏ కావాలి. జర్మనీలోని లైప్‌జిగ్‌లో వివియన్ స్లోన్ ఆ పని చేసింది. వచ్చిన ఫలితం నమ్మలేక మళ్ళీ మళ్ళీ చేసి చూశారు. 2018లో లోకానికి చెప్పారు: ఆ ఎముక ఒక అమ్మాయిది, ఆమె తల్లి నియాండర్తల్, తండ్రి డెనిసోవన్. వయసు 13 ఏళ్ళకు తక్కువ కాదు. బతికింది సుమారు 90 వేల ఏళ్ళ కిందట. పరిశోధకులు ఆమెను ముద్దుగా డెన్నీ అని పిలుచుకుంటారు.

ఎన్నిసార్లు చెప్పినా ఇక్కడికి వచ్చేసరికి నా గొంతు కాస్త పట్టేస్తుంది. రెండు వేర్వేరు జాతుల ఇద్దరు కలిశారు, ఒక బిడ్డను కన్నారు, పెంచారు. పదమూడేళ్ళు పెరిగిందంటే ఎవరో ఒకరు తిండి పెట్టి, చలికి కప్పి, కాపాడినట్టే కదా. వాళ్ళను మనం ఇంతకాలం అడవి మృగాల్లా బొమ్మలు వేసుకున్నాం.

వాళ్ళు పూర్తిగా పోలేదు కూడా. ఆఫ్రికా బయటి మనుషులందరిలో నియాండర్తల్ డీఎన్‌ఏ ఒకటి రెండు శాతం ఉంటుంది. కోవిడ్‌ను తీవ్రం చేసే ఒక జన్యుభాగం వాళ్ళ నుంచే వచ్చిందని 2020లో తేలింది. మన దక్షిణాసియాలో దాదాపు సగం మందిలో అది ఉంది.

ఇక కాలం లెక్క. ఎముకలో మిగిలిన కార్బన్‌ను బట్టి వయసు లెక్కకట్టే కార్బన్ డేటింగ్ సుమారు 50 వేల ఏళ్ళ దాకే పనిచేస్తుంది. ఆ చివరి అంచున చాలా జాగ్రత్తగా ఉండాలి. 50 వేల ఏళ్ళ నాటి ఎముకలోకి ఇప్పటి కార్బన్ ఒక్క శాతం చేరినా చాలు, అది 36 వేల ఏళ్ళ లోపుదే అని చూపిస్తుంది. మట్టిలోని తేమ, అతికించే జిగురు, ఏదైనా చాలు. హైమ్, డౌకా బృందం శుభ్రం చేసే పద్ధతులు మెరుగుపరిచి, రష్యా నుంచి స్పెయిన్ దాకా పాత లెక్కలన్నీ మళ్ళీ వేశారు. నియాండర్తల్‌లు 41 వేల నుంచి 39 వేల ఏళ్ళ కిందటి మధ్యకాలంలో కనుమరుగయ్యారని 2014లో చెప్పారు. మనలాంటి మనుషులు యూరప్ చేరాక కూడా రెండు జాతులూ కొన్ని వేల ఏళ్ళు ఒకే ఖండంలో ఉన్నాయన్నమాట.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. చదువుకునే రోజుల్లో ఒక తవ్వకంలో జల్లెడ పట్టే పని చేశాను. చివరి రోజు లారీలో చోటు చాలలేదు. ఆకారం లేని ఎముక పొట్టు రెండు గోనె సంచులు ఉంటే, ఇవెందుకులే అని వాగులో పారబోశాం. ఒక సంచి కొస పట్టుకుంది నేనే. డెన్నీ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మన దగ్గర పాతకాలపు రాతి పనిముట్లు బోలెడు, ఎముకలు బహు తక్కువ. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో టోబా అగ్నిపర్వతం బూడిద పొర ఉంది. ఆ అగ్నిపర్వతం సుమారు 74 వేల ఏళ్ళ కిందట ఇండోనేషియాలో పేలితే, బూడిద గాలిలో ఇంత దూరం వచ్చి పడింది. ఆ బూడిద కిందా, పైనా రాతి పనిముట్లు దొరికాయని పురావస్తు శాస్త్రవేత్తలు మైకేల్ పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ బృందం 2007లో రాసింది. అంత ఉత్పాతం తర్వాత కూడా అక్కడ మనుషులు ఉన్నారు. ఏ మనుషులు? మనవాళ్ళా, ఇంకెవరైనానా? ఒక్క ఎముక దొరికితే చెప్పొచ్చు. ఊళ్ళోవాళ్ళు మాత్రం శుభ్రం చేసే పొడుల్లో కలపడానికి ఆ బూడిదను తవ్వి అమ్ముకున్నారు. వాళ్ళను తప్పుపట్టను, అదేమిటో వాళ్ళకు ఎవరు చెప్పారు గనక?

మన భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి. సెల్ఫీలకు అందరం వెళ్తాం. ఇసుక రేణువు చివరిసారి ఎండ ఎప్పుడు చూసిందో ల్యాబ్‌లో లెక్కకట్టే పద్ధతి ఉంది. దానికి మట్టి కదలకుండా, వెలుతురు తగలకుండా లోపల ఉండాలి. గుహల్లో అయితే ఎముక లేకపోయినా మట్టి నుంచే నియాండర్తల్ డీఎన్‌ఏ తీశారు, 2017లో. మన ఎండకూ తేమకూ డీఎన్‌ఏ నిలవడం కష్టమే. ప్రోటీన్ ఇంకాస్త గట్టిది. నా ఆశంతా దాని మీదే. మెషీన్ పెట్టి ఒక ట్రాక్టర్ మట్టి ఎత్తుకెళ్తే ఆ మట్టి పొరల వరుస మళ్ళీ ఎవరూ పేర్చలేరు.

సరే, ఇక మాటలు చాలు. పిల్లలూ, ఆ బల్ల మీద మూడు స్టీలు పళ్ళేలు ఉన్నాయి చూడండి. నెల రోజులుగా మా ఇంట్లో కూర వండినప్పుడల్లా దాచిన కోడి, మేక, చేప ఎముకలు కడిగి, ఎండబెట్టి, రోట్లో నలగ్గొట్టి కలిపాను. ఒక్కొక్కరు ఐదు ముక్కలు తీసి ఏది దేనిదో కాగితం మీద రాయండి. తొందర లేదు, హాలు ఎనిమిదింటి దాకా మనదే. చిన్న ముక్క కింద పడితే వెతికి తీసి మళ్ళీ పళ్ళెంలోనే వేయండి నాన్నా.