శూర్పణఖ తోట

శ్రోతలకు నమస్కారం.

చిన్నప్పుడు శ్రీరామనవమి పందిట్లో హరికథ వింటుంటే, శూర్పణఖ ముక్కూ చెవులూ కోసే ఘట్టం రాగానే పిల్లలమంతా పకపకా నవ్వేవాళ్లం. పెద్దవాళ్లూ నవ్వేవారు. హరిదాసుగారు తాళం మార్చి కథను రావణుడి కొలువుకు తీసుకుపోయేవారు. ఆ తర్వాత ఆమె ఏమైందని మాలో ఒక్కరూ అడగలేదు.

రచయిత్రి ఓల్గాగారు అడిగారు. 2015లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్న ఆవిడ 'విముక్త'లో అయిదు కథలున్నాయి. మొదటిది 'సమాగమం'. అడవిలో ఒక అందమైన తోట చూశామని లవకుశులు వచ్చి తల్లితో చెబుతారు. తోట మనిషికి మాత్రం ముక్కూ చెవులూ లేవంటారు. ఎవరో సీతకు తెలిసిపోతుంది. వెతుక్కుంటూ వెళుతుంది.

కత్తి ఎత్తడం, నెత్తురు కారడం ఇక్కడ లేవు. అవన్నీ ఏళ్ల కిందటి సంగతులు. మనకు కనిపించేది మొక్కలు పెంచుకుంటున్న మనిషి. దెబ్బ తగిలిన కొత్తలో అందంగా ఉన్నదేది కనబడ్డా పాడుచేయాలనిపించేదని ఆమె దాచకుండా చెబుతుంది. ఆ కసి మట్టిపనిలో మెల్లమెల్లగా అరిగింది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ ఒప్పుకోలే. కష్టపడ్డవాళ్లంతా పుటం పెట్టిన బంగారంలా తేలతారని రాసేయడం తేలిక. ఆవిడ అలా రాయలేదు.

ఏ కథకా కథ విడిగా చదువుకోవచ్చు. వరసగా చదివితే మాత్రం, ఒకరి దగ్గర విన్న మాటను సీత ఇంకొకరి దాకా మోసుకెళ్తున్నట్టుంటుంది. విచారణకు ఎన్నడూ ఒప్పుకోవద్దని అహల్య ముందే చెబుతుంది. అగ్నిపరీక్ష అయ్యాకగానీ ఆ మాట సీతకు ఎక్కదు. కొడుకు గొడ్డలి ఎదుట నిలబడ్డ రేణుక ఇసుకతో కుండలు చేస్తూ కనిపిస్తుంది. ఈ కథలో వాదన పాలు కాస్త ఎక్కువైందని నా అభిప్రాయం. ఇక ఊర్మిళ. మన ఆడవాళ్ల పాటల్లో ఆమె పద్నాలుగేళ్లూ నిద్రపోయింది. ఇక్కడ తలుపేసుకుని మెలకువగా ఉంది.

నవలయితే ఆ ఏళ్లన్నీ చెప్పాల్సి వచ్చేది. కథలు కనుక ఒకదానికీ ఇంకొకదానికీ మధ్య బోలెడంత ఖాళీ. గాయం మానేదీ, మళ్లీ సలిపేదీ ఆ ఖాళీలోనే.

ఆఖరి కథ రాముడిది. దెబ్బతిన్నవాళ్ల వరసలో, ముక్కు కోయమని తమ్ముడికి చెప్పినవాడికీ ఒక పీట వేశారావిడ. పుస్తకం పేరు 'విముక్త'. ఆ కథ పేరు 'బంధితుడు'.

నమస్కారం.