దోర్నాల గేటు పగలు కూడా వెయ్యాలి!

నమస్తే అండి. టైటిల్ మీరు సరిగ్గానే చదివారు. శ్రీశైలం ఘాట్ రోడ్డు ఎక్కే ముందు వచ్చే దోర్నాల దగ్గర రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు ఎందుకు వేస్తారు, ఎత్తేయండి అని గొడవ చేస్తున్నారు కదా? నేనంటాను, సొంత కార్లకు ఆ గేటు పగలు కూడా వెయ్యాలి!

తిట్టే ముందు వినండి. అది ఉత్త రోడ్డు కాదు, పులుల అడవి. 3 వేల చదరపు కిలోమీటర్లు దాటిన నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వు. కృష్ణ దాటితే తెలంగాణ, అటు ఆమ్రాబాద్ కూడా పులుల అడవే. నడిమధ్యలో మన కార్లు!

రాత్రి ఎనిమిదిన్నరకి దోర్నాల సెంటర్లో నిలబడి చూడండి. గేటు పడేలోపు దాటాలని ఏం తోలుడండీ అది! అదే స్పీడుతో ఘాట్ ఎక్కుతారు. పగలైతే మలుపులో బండి ఆపి కోతులకు పులిహోర. ఇంకో కారు వస్తుంది, ఆ ముద్ద కోసం రోడ్డు మీదకొచ్చిన పిల్లకోతి చక్రం కింద పడుతుంది. పెట్టిన చెయ్యే చంపింది దాన్ని! పుణ్యం అనుకుంటున్నారు, పాపమండీ అది.

చెంచులేమో మల్లన్నను మా అల్లుడు అంటారు. తేనెకు, జిగురుకు అదే అడవిలోకి వెళ్తే వాళ్లకి సవాలక్ష ప్రశ్నలు. చిప్స్ ప్యాకెట్ విసిరే మనకి మాత్రం దారి ఫ్రీ. ఇదేం న్యాయం?

మరి గుడికెలా వెళ్లాలంటారా? శబరిమలకి ఎలా వెళ్లారు? అదీ పెరియార్ పులుల అడవే. 2018 వరదల తర్వాత దారిలోని నిలక్కల్‌లో బండి పెట్టి, కేరళ ఆర్టీసీ బస్సెక్కి కొండ కింది పంబకి పోయాం కదా. అంత దూరం ఎందుకు, ఇదే దారిలో ఉన్న మన తుమ్మలబైలు అడవి సఫారీకి సొంత కారులో వెళ్తారా? వాళ్ల జీపే ఎక్కుతారు.

అలాగే దోర్నాలలో పెద్ద పార్కింగ్ పెట్టండి. పది నిమిషాలకో ఆర్టీసీ బస్సు. గూడేల వాళ్లకి, అంబులెన్సులకి అడ్డు వద్దు. టికెట్లు, పార్కింగ్, ప్లాస్టిక్ చెకింగ్, అన్ని ఉద్యోగాలూ చెంచు పిల్లలకే ఇవ్వండి. ఇప్పుడు దోర్నాల మీదుగా దుమ్ము లేపుకుంటూ పోయే కార్ల వల్ల అక్కడి హోటలువాడికి ఒక్క టీ అమ్ముడుపోవట్లేదు. దిగి బస్సెక్కే జనం టీ తాగరా, టిఫిన్ తినరా?

ఒక్క కార్తీక మాసం ఇలా చేసి చూడండి. ఆ నెల్లాళ్లూ నేను కూడా బస్సులోనే వెళ్తాను.