లోపలి గదికి చేరిన లాంబ్డా

శ్రోతలకు నమస్కారం.

1952లో పోలండ్‌ రాజధాని వార్సాలో మరియన్ డానిష్, యెజి ప్న్యెవ్‌స్కీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కణాలు పోయిన దారి గీతలుగా పడే ఒక ఫోటోగ్రాఫిక్ ఎమల్షన్ ఫలకాన్ని సూక్ష్మదర్శినిలో గాలిస్తున్నారు. బెలూన్‌లో ఎంతో ఎత్తుకు పంపి, విశ్వకిరణాలు సోకనిచ్చి దించిన ఫలకం అది. ఒకచోట నక్షత్రంలా విచ్చుకున్న గీతలు కనిపించాయి. విశ్వకిరణం తగిలి ఏదో కేంద్రకం పగిలిన జాడ. అలాంటివి వాళ్లు చాలానే చూశారు. ఈసారి మాత్రం ఆ నక్షత్రంలోంచి ఒక లావుపాటి గీత బయలుదేరి, వెంట్రుక మందమంత దూరం సాగి ఆగింది. ఆగినచోట మరో నక్షత్రం!

మామూలు కేంద్రకపు ముక్క పగిలేదే అయితే అక్కడికక్కడే పగలాలి. ఇది ప్రయాణం చేసింది, ఆగింది, అప్పుడు పగిలింది. లోపల లాంబ్డా అనే కణం ఉంది మరి. అది నశించినప్పుడే ముక్క పగిలింది. ప్రోటాన్, న్యూట్రాన్ల జాతివే అయినా వాటికంటే బరువైన, త్వరగా నశించే కణాలు హైపరాన్లు. వాటన్నిటిలోకెల్లా తేలికైనది లాంబ్డా. దాని ఆయుష్షు సెకనులో వెయ్యి కోట్లవ వంతుకు రెండున్నర రెట్లు. కేంద్రకం లెక్కలో అది చాలా పెద్ద కాలం. దొరికింది ఒకే ఒక్క ఆనవాలు. దాన్ని పొరపాటని పక్కన పెట్టకుండా నమ్మిన ఆ ఇద్దరంటే నాకు ఎంతో గౌరవం.

ఇక బంధనశక్తి, అంటే కేంద్రకంలోంచి ఒక కణాన్ని బయటికి లాగడానికి కావలసిన శక్తి సంగతి. హీలియం-4లో రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు. కేంద్రకంలోని శక్తి మెట్లను గదులనుకుంటే, అన్నిటికంటే లోపలి గది వాటితోనే నిండిపోతుంది. మూడో న్యూట్రాను వస్తే, ఆ గదిలో ఒకే రకం కణాలు రెండుకు మించకూడదనే పౌలి నియమం లోపలికి రానివ్వదు, పై గదికి పొమ్మంటుంది. అక్కడ అది నిలవదు. హీలియం-5 వెంటనే విడిపోతుంది. అదే మూడో న్యూట్రానుకు బదులు లాంబ్డా వస్తే? అది ప్రోటానూ కాదు, న్యూట్రానూ కాదు. అడ్డు లేదు. నేరుగా లోపలి గదికే వెళుతుంది. అక్కడ నిలుస్తుంది. దాన్ని బయటికి లాగాలంటే దాదాపు 3.1 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. సీసం లాంటి బరువైన కేంద్రకంలోంచి లాగాలంటే సుమారు 26. ఒక ప్రోటాను, ఒక న్యూట్రాను, ఒక లాంబ్డా మాత్రమే ఉన్న హైపర్‌ట్రిటాన్‌లో అయితే పట్టు అతి పలచన. ఒక మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులో చిన్న భాగం చాలు.

లాంబ్డా లోపల నిలవడమే కాదు, చుట్టూ ఉన్నవాటినీ దగ్గరకు లాగుతుంది. లిథియం-6కు ఒక లాంబ్డా చేరినప్పుడు ఏమవుతుందో జపాన్ శాస్త్రవేత్తలు గామా కిరణాల సాయంతో కొలిచి 2001లో ప్రకటించారు. లోపలి లిథియం దాదాపు ఐదో వంతు కుంచించుకుపోయింది.