ఏ డిస్కు తీసినా రెండోది బూట్ అవ్వాలి

అందరికీ నమస్కారం. ఒకే డిస్కును కోసి విండోస్ పక్కన లినక్స్‌ను ఇరికించడం ఈ రోజు మన విషయం కాదు. డెస్క్‌టాప్‌లో మూడు డిస్కులున్నాయి అనుకుందాం: విండోస్ 11 ఉన్న 500 జీబీ ఎన్‌వీఎంఈ (మదర్‌బోర్డ్ మీది ఎం.2 స్లాట్‌లో దూర్చే ఎస్‌ఎస్‌డీ), లినక్స్ కోసం కొత్తగా తెచ్చిన 500 జీబీ సాటా (కేబుల్‌తో తగిలించే) ఎస్‌ఎస్‌డీ, ఫొటోలూ సినిమాలూ దాచుకునే 2 టీబీ హార్డ్ డిస్కు. మన షరతు ఒక్కటే. విండోస్ డిస్కు పీకేసినా లినక్స్ బూట్ అవ్వాలి, లినక్స్ డిస్కు పీకేసినా విండోస్ బూట్ అవ్వాలి.

పని విండోస్‌లోనే మొదలవుతుంది. ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. విండోస్ ఫార్మాట్ అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉన్న పార్టిషన్‌లు (డిస్కులోని భాగాలు) తెరిచి ఉన్నట్టే లెక్క. లినక్స్ వాటిలో రాయడానికి ఒప్పుకోదు, బలవంతంగా రాయిస్తే ఫైళ్లు పాడవుతాయి. తర్వాత బిట్‌లాకర్, అంటే విండోస్ డిస్కుకు వేసే తాళం. మీరు ఎప్పుడూ ఆన్ చేయకపోయినా డివైస్ ఎన్‌క్రిప్షన్ పేరుతో ఆన్ అయి ఉండొచ్చు. 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. ఆ కీని అదే కంప్యూటర్‌లో దాచుకునేవాళ్లున్నారు, దానివల్ల ఒరిగేదేమీ లేదు.

లినక్స్ ఇన్‌స్టాలర్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసేటప్పుడు బూట్ మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపించవచ్చు. పేరుకు ముందు యూఈఎఫ్‌ఐ (కొత్త తరం బూట్ పద్ధతి) అని ఉన్నదే ఎంచుకోండి. రెండోదాంతో వెళితే లినక్స్ పాత బయోస్ పద్ధతిలో కూర్చుంటుంది, దాని గ్రబ్ (లినక్స్ బూట్‌లోడర్, ఏ సిస్టమ్ తెరవాలో అడిగే మెనూ) నుంచి విండోస్‌ను తెరవలేరు.

ఇప్పుడు డిస్కుల్ని గుర్తుపట్టడం. మన దగ్గర రెండు 500 జీబీ డిస్కులున్నాయి, రెండూ విండోస్‌లో 465 అనే కనిపిస్తాయి. సైజు చూసి ఎంచుకుంటే పోయేది విండోసే. లినక్స్ డిస్కులకిచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లనూ నమ్మొద్దు, ఈసారి ఎస్‌డీఏ అయింది వచ్చేసారి ఎస్‌డీబీ కావచ్చు. టెర్మినల్‌లో డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్‌కు మోడల్ కాలమ్ కూడా చూపించమని చెప్పి, డిస్కు మీద అంటించిన స్టిక్కర్‌తో పోల్చుకోండి. కొత్త డిస్కు అసలు కనిపించకపోతే మదర్‌బోర్డ్ మాన్యువల్ తీయండి. కొన్ని బోర్డుల్లో ఎం.2 స్లాట్ వాడితే ఒకటి రెండు సాటా పోర్టులు పనిచేయవు. కేబుల్ ఇంకో పోర్టుకు మారిస్తే సరిపోతుంది.

అసలు కీలకం ఈఎస్‌పీ, అంటే బూట్‌లోడర్ ఉండే ఫ్యాట్32 పార్టిషన్. విండోస్ తనకోసం మామూలుగా 100 ఎంబీదే చేసుకుంటుంది. లినక్స్‌నూ అందులోనే పెడితే రెండు చిక్కులు. స్థలం చాలకపోవచ్చు. రేపు ఎవరైనా విండోస్ డిస్కు ఫార్మాట్ చేస్తే దాంతోపాటు గ్రబ్ కూడా పోతుంది, పక్క డిస్కులో లినక్స్ క్షేమంగా ఉన్నా తెరుచుకోదు. అందుకే కొత్త ఎస్‌ఎస్‌డీకి జీపీటీ టేబుల్ (పార్టిషన్‌ల పట్టిక) వేసి, మొదటి పార్టిషన్‌గా 1 జీబీ ఈఎస్‌పీ దానికంటూ వేరే చేయండి.

చేసినంత మాత్రాన ఇన్‌స్టాలర్ దాన్నే వాడుతుందన్న నమ్మకం లేదు. పాత ఉబుంటు ఇన్‌స్టాలర్‌లో బూట్‌లోడర్ ఎక్కడ పెట్టాలో మీరు కొత్త డిస్కునే చూపించినా, అది మొదట కనబడ్డ ఈఎస్‌పీలోనే, అంటే విండోస్ దాంట్లోనే పెట్టేది. దీనికి మొరటు మందే మంచి మందు: ఇన్‌స్టాల్ అయ్యేదాకా విండోస్ డిస్కును విప్పేయండి, లేదా బయోస్‌లో ఆ స్లాట్‌ను ఆపే వీలుంటే ఆపేయండి. విండోస్‌ను మళ్లీ వేసుకునేటప్పుడు లినక్స్ డిస్కు కేబుల్ తీసేయాలి, విండోస్ ఇన్‌స్టాలరూ ఇలాగే చేస్తుంది.

మిగతా లెక్క తేలిక. లినక్స్ సిస్టమ్ ఉండే రూట్ పార్టిషన్‌కు 100 జీబీ, లినక్స్ ఫార్మాట్ అయిన ఎక్స్‌టీ4లో. ర్యామ్ 16 జీబీ ఉండి హైబర్నేట్ కావాలనుకుంటే 20 జీబీ స్వాప్ (ర్యామ్‌లోది డిస్కులో దించుకునే చోటు), అక్కర్లేకపోతే 4 జీబీ స్వాప్ ఫైలు. మిగిలిందంతా మీ సొంత ఫైళ్లుండే హోమ్. రూట్‌కు 30 జీబీ చాలని పాత సలహాలు కనిపిస్తాయి. ఫ్లాట్‌ప్యాక్‌లు, డాకర్ ఇమేజ్‌లు లాంటి బరువైన యాప్ ప్యాకేజీలు వచ్చాక ఆ లెక్క నిలవదు.

2 టీబీ డిస్కును ఎన్‌టీఎఫ్‌ఎస్‌గానే ఉంచండి, రెండు సిస్టమ్‌లూ చదవాలి కదా. హోమ్‌ను మాత్రం దానిమీద పెట్టొద్దు, లినక్స్ పర్మిషన్‌లు అక్కడ సరిగ్గా నిలవవు. బూట్‌లో ఏ డిస్కులు తగిలించుకోవాలో లినక్స్‌కు చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైలులో ఈ డిస్కును యూయూఐడీతో (పార్టిషన్‌కుండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) రాసి, నాలుగో గడిలో నోఫెయిల్ తప్పనిసరిగా చేర్చండి. అది లేకపోతే ఏ రోజైనా కేబుల్ వదులైనప్పుడు బూట్ 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో పడుతుంది. సినిమాల డిస్కు కోసం సిస్టమే ఆగిపోవడమన్నమాట. యూఐడీ 1000 (మామూలుగా మొదటి యూజర్ సంఖ్య) కూడా అక్కడే ఇవ్వండి, లేకపోతే ఫైళ్లన్నీ రూట్ అనే అడ్మిన్ యూజర్ పేరు మీద ఉంటాయి.

తెలుగులో ఫైలు పేర్లు పెట్టుకునేవాళ్లకు ఇంకొకటి. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో పేరు 255 సంకేతాల దాకా ఉండొచ్చు. ఎక్స్‌టీ4 పరిమితి 255 బైట్లు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు, కాబట్టి 85తో సరి. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరంలోనే మూడు హల్లులు, రెండు పొల్లులు, ఒక గుడిదీర్ఘం కలిపి ఆరు సంకేతాలు, 18 బైట్లు! విండోస్‌లో బాగున్న పొడుగాటి పేరు హోమ్‌లోకి కాపీ చేసేటప్పుడు పేరు మరీ పొడుగని ఆగిపోతే డిస్కును అనుమానించకండి, పేరు కుదించండి.

ఇక విండోస్ డిస్కును మళ్లీ బిగించండి. గ్రబ్ మెనూలో విండోస్ కనబడకపోవచ్చు. 2.06 వెర్షన్ నుంచి పక్క సిస్టమ్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్ మామూలుగా ఆపి ఉంటుంది. ఆన్ చేసుకోవచ్చు. కానీ ఎఫ్11, ఎఫ్12 లాంటి మీ బోర్డు బూట్ మెనూ కీతో డిస్కు ఎంచుకోవడమే మేలు. గ్రబ్ మీదుగా విండోస్‌లోకి వెళితే బిట్‌లాకర్ అనుమానపడి ఆ 48 అంకెలూ అడగవచ్చు.

చివరిగా గడియారం. లినక్స్ వాడి విండోస్‌లోకి రాగానే టైము సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి ఉంటే బ్యాటరీ మార్చకండి. మదర్‌బోర్డ్ గడియారంలో లినక్స్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) రాస్తుంది, విండోస్ దాన్ని స్థానిక సమయం అనుకుంటుంది. మన దేశంలో గడియారాలు ముందుకూ వెనక్కూ జరిపే పద్ధతి లేదు కాబట్టి లినక్స్‌నే స్థానిక సమయానికి మార్చినా పెద్దగా ఇబ్బంది ఉండదు. అమెరికాలో ఉన్నవాళ్లు అలా చేస్తే మార్చిలో, నవంబరులో గడియారాలు జరిపేటప్పుడు టైము తప్పే ప్రమాదముంది. వాళ్లు విండోస్ రిజిస్ట్రీలో రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్ విలువను 1 చేసుకుని, విండోస్‌నే యూటీసీకి మార్చుకోవాలి.